కొట్టంలో పచ్చకారు

"ఈ బండి ఎవలది?" అని అడిగాడు ఆ మనిషి.

వాన పడుతూనే ఉంది. నల్ల గొంగడి నెత్తిమీది నుంచి మోకాళ్ల దాకా కప్పుకొని ఉన్నాడు. గడ్డం తప్ప ముఖంలో ఏమీ కనిపించలేదు. వాగు ఒడ్డున, కారు ముందు తడుస్తూ నిలబడ్డ మా బాపును అడిగాడు. కారు వెనక సీట్లో మా వదిన సులోచన నా చేతిని నలిపేస్తోంది. నెలలు నిండిన మనిషి, పొద్దుటి నుంచి నొప్పులు. ఆమెకు అటుపక్క అవ్వ, అంటే మా అమ్మ. స్టీరింగు పట్టుకొని కూర్చున్న డ్రైవర్ చాంద్‌భాయ్ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి, దువా చదువుకుంటున్నాడు. ఆ కారు మాది కాదు. మా మేనమామది. కొనాలా వద్దా అని చూసుకోవడానికి తెచ్చుకున్నదే తప్ప కొన్నది కాదు. వద్దని బాపు ముందురోజు సాయంత్రమే తేల్చేశాడు కూడా. ఆ మాటే చెప్తే సరిపోయేది. కానీ చెప్తే, మరి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆ పేరు ఆ వాగు ఒడ్డున పలకడానికి బాపుకు నోరు రాలేదు.

"నాది" అన్నాడు.

ఆ రోజు ఇంకా పుట్టని మా మేనల్లుడు శ్రీకాంత్‌కు ఇప్పుడు జగిత్యాలలో ఎరువుల దుకాణం ఉంది. మొన్న ఫోన్ చేశాడు. కరీంనగర్‌లో ఉన్న మా మేనమామ మనవడు తన పాత కారు అమ్మి కొత్తది తీసుకుంటున్నాడట. పాతదాన్ని శ్రీకాంత్‌కు ఇస్తానంటున్నాడట. "అత్తమ్మా, చుట్టపోళ్ల దగ్గర కొనుడు మంచిదేనా? రేపు ఇంజను ఏమన్న ఖరాబయితే అడగరాదు, అడగకుంటే మనసాగదు" అన్నాడు. ఎంత తిరిగిందో, మీటరు ఏమన్నా వెనక్కి తిప్పారో చూసే మనిషి ఎవరన్నా దొరుకుతారా అని ఆలోచిస్తున్నాడు. చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. "ఇంకోటి. ఊళ్లె కొట్టంల ఆ పచ్చ డబ్బా తీపిచ్చేస్తే దీన్ని ఆడ పెట్టుకోవచ్చు. అమ్మ ఒప్పుకుంటలేదు. నువ్వొచ్చి ఒక మాట చెప్పు."

వెళ్లాను. మాట చెప్పడానికి కాదు, దాన్ని చూసి చాలా ఏళ్లయిందని వెళ్లాను. కొట్టంలో నాలుగు రాళ్ల మీద నిలబడి ఉంది. ముదురు ఆకుపచ్చ రంగు అక్కడక్కడా పెచ్చులూడి, కింద తుప్పు, దానికింద ఇంకా పాత తుప్పు. తలుపు తీస్తే లోపల పసుపు వాసన, కోళ్ల వాసన. వెనక సీటులో కూర్చుందామనుకున్నాను గానీ కూర్చోలేదు. నలభై ఏళ్లకు దగ్గరపడుతున్నా నా అరచేతికి ఆ సీటు మీద వదిన పట్టు గుర్తుంది.

అప్పట్లో నేను కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. మా ఊరి నుంచి జగిత్యాల దవాఖానకు తొవ్వలో ఒక వాగు అడ్డం పడుతుంది. మామూలు రోజుల్లో చీలమండ తడవదు. శ్రావణం వచ్చిందంటే బస్సు అటుపక్కే ఆగిపోతుంది. వదినకు మొదటి కాన్పు శ్రావణంలోనే వచ్చింది. ఎడ్లబండి మీద గడ్డి పరిచి, పైన పరదా కట్టి తీసుకుపోయారు. వాగు తగ్గేదాకా ఒడ్డునే ఉండాల్సి వచ్చింది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత వదిన వాగు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. కానీ వాన మొదలైతే చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చి, ఉత్తరం దిక్కు మబ్బును చూసేది. చూసి మళ్లీ పనిలో పడేది. రెండోసారి నెలలు లెక్కపెట్టుకుంటే మళ్లీ శ్రావణమే వచ్చింది.

అన్న దుబాయిలో ఉండేవాడు. మావైపు సగం ఇళ్ల మగవాళ్లు అక్కడే. ఉత్తరాల కంటే క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. సెలవు మీద వచ్చేవాళ్లు మోసుకొచ్చేవారు. క్యాసెట్ వచ్చిన రోజు అవ్వ టేపురికార్డర్ మీది కుట్టుపని గుడ్డ తీసి మడతపెట్టి ఒళ్లో పెట్టుకునేది. ఇరుగుపొరుగు వచ్చి కూర్చునేవాళ్లు. క్యాసెట్ పెట్టె తెరిస్తే అత్తరు, సబ్బు కలిసిన వాసన వచ్చేది, అదే మాకు దుబాయి వాసన. ఆ వేసవిలో వచ్చిన క్యాసెట్‌లో అన్న మంచిచెడ్డలన్నీ అడిగి, ఒకచోట గొంతు తగ్గించి ఇలా అన్నాడు: "బాపూ, దొరమామ కారు తీసేస్తడంట. చాంద్‌భాయ్ తమ్ముడు ఈడ మా క్యాంపులనే ఉన్నడు, ఆయన జెప్పిండు. తీస్కోండ్రి. సులోచనను ఈసారి ఎడ్లబండి మీద తీస్కపోవద్దు." ఆ మాటకు వదిన లేచి లోపలికి పోయింది. ఎదురింటి ఎల్లయ్య తాత దగ్గాడు. బాపు మీట నొక్కి టేపు ఆపేశాడు.

దొరమామ అంటే అవ్వకు పెద్దన్న. పక్క ఊరి దొర. చెల్లెలిని దూరం పంపడం ఇష్టం లేక, నాలుగెకరాల పసుపు పండించుకునే మా బాపుకు ఇచ్చి చేశారు. మా ఊళ్లోనూ ఆయనకు భూములుండేవి. పంచాయితీలు చెప్పడానికి చాంద్‌భాయ్ నడిపే ఆ పచ్చకారులోనే వచ్చేవాడు. అందులో ఎవరెవరిని ఎక్కించుకుపోయారో, వాళ్లు ఏ స్థితిలో దిగారో మా ఇంట్లో మాట్లాడేవాళ్లు కాదు. అవ్వ ముందు అసలే కాదు. తర్వాత కాలం మారింది. ఊళ్లలో రైతుకూలీ సంఘాలు వచ్చాయి, అడవి నుంచి నక్సలైట్ అన్నలు రావడం మొదలైంది. వాళ్ల వెనక పోలీసులు వచ్చారు. సాయంత్రం అయిందంటే బాపు తలుపుకు అడ్డగడియ వేసి, దాన్ని ఒకసారి ఊపి చూసి, మళ్లీ ఒకసారి ఊపి చూసేవాడు. పొద్దు ఉండగానే తినేసేవాళ్లం. బయట మాట్లాడేటప్పుడు ఎవరి పేరూ పలకకుండా 'వాళ్లు' అనడం అలవాటైంది. ఒక్కోసారి ఏ వాళ్లో మాకే తెలిసేది కాదు. ఆ కాలంలోనే ఒకరోజు దొరమామ ఇంటికి తాళం వేసి కరీంనగర్ వెళ్లిపోయాడు. మళ్లీ ఊరిలో అడుగుపెట్టలేదు.

క్యాసెట్ వచ్చాక బాపు దాని జవాబును చాలా రోజులు వాయిదా వేశాడు. జవాబు రికార్డు చేయడానికి కూర్చున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. "అంత మంచిగనే ఉన్నం. వాన మొగులు వట్టింది. పసుపు మొలిచింది. కారు సంగతి..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. టేపు తిరుగుతూనే ఉంది. కూలీల క్యాంపుకు వచ్చిన ప్రతి క్యాసెట్‌నూ పదిమంది కలిసి వింటారు. ఆ పదిమందిలో ఏ ఊరి వాళ్లున్నారో, విన్నది ఎవరికి చెప్తారో. భయమన్న మాట ఆ టేపులో పెట్టడానికి లేదు. "...ఆలోచన చేస్తున్నం" అని ముగించాడు. ఆ మధ్యలో ఉన్న ఖాళీని అన్న ఏమని అర్థం చేసుకున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు.

చివరికి అవ్వ పోరు పడలేక కరీంనగర్ వెళ్లాడు. నన్ను తోడు తీసుకుపోయాడు. దొరమామ ఒక సందులో కిరాయి ఇంట్లో ఉండేవాడు. కిటికీలకు మందపాటి పరదాలు, మిట్టమధ్యాహ్నం కూడా లైటు. పూర్వం ఆయన వాకిట్లో కూర్చుంటే తొవ్వన పోయేవాళ్లు చెప్పులు చేత పట్టుకొని పోయేవాళ్లు. ఇప్పుడు కుర్చీ కిటికీకి దూరంగా, గోడకు ఆనించి వేసుకున్నాడు. పెరట్లో తాటిపత్రి పట్టా కింద కారు. చాంద్‌భాయ్ తాటిపత్రి తీసి, చేతి రుమాలుతో అద్దం తుడిచి, మా వైపు చూసి నవ్వాడు. పని లేక ఎండిపోయి ఉన్నాడు పాపం.

"తీస్కపో బావా" అన్నాడు దొరమామ. "నాకేం పని దానితోని? చాంద్‌ను గూడ తీస్కపో. పది రోజులు తిప్పుకొని చూడు. మనసుకొస్తే ఉంచుకో."

"ధర..."

"చెల్లె ఇంటికిచ్చేదానికి ధరేంది. తర్వాత చూద్దాం తీయ్."

బాపు ముఖంలో సంతోషం రాలేదు. బస్సులో వచ్చిన మనుషులం కారులో తిరిగి పోతున్నాం, ముందు సీట్లో బాపు, వెనక నేను ఒక్కదాన్నే రాణిలాగా. జగిత్యాల దాటింది. బాపు తనలో తాను అనుకున్నట్టు అన్నాడు: "గింత అల్కగ ఎందుకిచ్చిండు పద్మా?" ఆయన భయం నాకు మెల్లగా ఎక్కింది. దొర కారు మళ్లీ ఆ దారుల్లో తిరిగితే ఎవరు ఏం చేస్తారో, దూరం నుంచి చూడటానికి ఇచ్చాడా? లేక నిజంగానే చెల్లెలి కోడలి కోసమేనా? ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చని తర్వాత పత్రిక పనిలో తెలుసుకున్నాను. అప్పుడు తెలియదు.

మా ఊరి ముందు ఒక కల్వర్టు ఉంది. అక్కడికి రాగానే చాంద్‌భాయ్ హారన్ మీద చెయ్యి పెట్టి ఒత్తిపట్టాడు. పొడుగ్గా ఒకటి, ఆపి మళ్లీ పొడుగ్గా. దొరను తీసుకొస్తున్నప్పుడు అట్లా కొట్టాలని ఆయనకు ఏళ్లనాటి అలవాటు, తొవ్వలో బండ్లు పక్కకు తీయాలని, వాకిళ్లు తెరవాలని. కొట్టిన తర్వాత గుర్తొచ్చింది. "తోబా, తోబా" అని చెయ్యి తీసేశాడు. అప్పటికే ఆలస్యమైంది.

సాయంత్రం వేళ. చాయ్ హోటల్ ముందు బల్లల మీద, అరుగుల మీద జనం. కారు సందు తిరిగేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. ఎదురింటి ఎల్లయ్య తాత, నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి, భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకొని తల వంచాడు. కారు ఆగింది. బాపు దిగాడు.

"కూసోండ్రి, కూసోండ్రి. నేనే" అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు. నిలబడ్డవాళ్లు కూర్చోలేరు, నిలబడనూ లేరు. ఎల్లయ్య తాత మా బాపును చూసి, కారును చూసి, తువ్వాల మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"నువ్వా పటేలా. కాళ్లు వాటంతటవే లేసినయి" అన్నాడు. నవ్వబోయి ఆగాడు. "గా హారన్ మల్ల వినవడదనుకున్నం."

ఆ రోజు నుంచి మా వాకిలి ముందు నడిచే వాళ్ల తీరు మారింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే భయం. చాయ్ హోటల్‌లో బాపు పోయి కూర్చుంటే మాటలు వానల మీదికి, ఎరువుల మీదికి మళ్లేవి. రెండోనాడు జెండా గద్దె దగ్గర ఎవరో తెలియని ఇద్దరు కూర్చొని మా ఇంటి వైపు చూశారని అవ్వ చెప్పింది. బీడీ ఆకు ఏజెంటు మనుషులే కావచ్చు. కావచ్చు, కాకపోవచ్చు. మర్నాడు ఒక కానిస్టేబుల్ సైకిల్ మీద వచ్చాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా మొదలుపెట్టాడు.

"దొర బండి మీకాడున్నదంట గదా. మా సారుకు ఎల్లుండి జర అటు అడవి దిక్కు పనున్నది. మా జీపు షెడ్డుల వడ్డది. పెట్రోల్ మేమే పోసుకుంటం."

"బండి ఖరాబున్నది సార్" అన్నాడు బాపు.

"మొన్ననే గద మంచిగొచ్చింది?"

"వచ్చింది. వచ్చినంకనే ఖరాబయింది."

కానిస్టేబుల్ నవ్వాడు. "మంచిది. ఎల్లుండి దాంక బాగు చేపియ్యుండ్రి మరి" అని సైకిల్ ఎక్కాడు.

బాపు కొట్టంలోకి పోయి ఆ కారు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఇవ్వకపోతే పోలీసులకు కోపం. ఇస్తే, పోలీసులు ఆ కారులో అడవి దిక్కు పోతే, మర్నాడు అడవి నుంచి అడగడానికి వచ్చేవాళ్లు మా అడ్డగడియ ముందే నిలబడతారు. ఆ సాయంత్రం ఇంట్లో అందరినీ పిలిచి చెప్పాడు. "తెల్లారి వాపస్ పంపుతున్న. మనకీ బండొద్దు."

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా అన్న మన మంచికే ఇచ్చిండు."

"మంచికే. నేను కాదంటలేను."

వదిన వంటింటి గడప మీద కూర్చొని ఉంది. మామూలుగా మామ ముందు గొంతెత్తే మనిషి కాదు. "మామా, నేనొక మాటంట" అంది.

"అను బిడ్డా."

"బండి పంపకుండ్రి."

"గది బండి గాదు బిడ్డా. గది దొరమామ. ఆయన ఊరిడిసి పోయిండు, ఇప్పుడు మనింట్ల కట్టేసినట్టున్నది."

"ఉండనీయుండ్రి. నేనొక్కపారి దవాఖానకు పోయొచ్చినంక దానికి అగ్గి పెట్టుకోండ్రి."

"ఛీ, గవేం మాటలే!" అంది అవ్వ.

"మీరు తొవ్వల మనుషులకు భయపడుతున్రు. నాకు మనుషుల భయం లేదత్తా. నాకు ఆ వాగు ఒడ్డు కానొస్తది. కండ్లు మూసుకుంటే కానొస్తది" అంది వదిన.

బాపు తల వంచుకున్నాడు. కానీ నిర్ణయం మార్చలేదు. జగిత్యాలలో దవాఖాన పక్కనే గది కిరాయికి తీసుకొని అత్తాకోడళ్లను ముందే అక్కడ ఉంచుతానన్నాడు. ఇంకా రోజులున్నాయి కదా అన్నాడు. రోజులు లేవు. తెల్లవారేసరికి వాన, వానతోపాటు నొప్పులు. చాంద్‌భాయ్ కరీంనగర్ పోవడానికి తీసిన కారునే వాకిట్లోకి తిప్పాడు. "సాబ్, హారన్ తీగ పీకేసిన" అన్నాడు, అదే తన పాపమన్నట్టు.

తొవ్వలో ఊర్లున్నాయి. అన్నీ ఆ పచ్చకారును ఎరిగిన ఊర్లే. మొదటి ఊరి మొగదల రాగానే బాపు కారాపమన్నాడు. దిగాడు. గొడుగు కూడా పట్టుకోలేదు. నెత్తికి చుట్టిన తువ్వాల కూడా తీసేసి, ఉత్త తలతో, కారు ముందు నడవడం మొదలుపెట్టాడు. కారులో ఉన్నది దొర కాదు, తను అని అందరికీ ముఖం కనిపించాలి. ఇరువైపుల ఇళ్ల వైపు తిరిగి తిరిగి చూస్తూ, గొంతు పెంచి "నేనే, నేనే. కోడల్ని దవాఖానకు తీస్కపోతున్న" అంటూ నడిచాడు. వెనక చాంద్‌భాయ్ మొదటి గేరులో. తొవ్వకడ్డం బర్రెలు పడుకొని ఉంటే, హారన్ లేదు కాబట్టి బాపే వాటిని అదిలించాలి. ఊరు దాటాక ఎక్కాడు. తర్వాతి ఊరి దగ్గర మళ్లీ దిగాడు.

"ఏందత్తా ఇది!" అని వదిన అరిచింది. "నడిచేదుంటే కారెందుకు, నేను గూడ నడుత్తు!"

"ఊకో బిడ్డా, ఊకో."

"ఓ మామా! ఇదేమన్న దేవుని ఊరేగింపా! ఎక్కుండ్రి!" నా మీదుగా కిటికీ వైపు వంగి అరుస్తోంది. "ఎక్కకపోతే నేనీడనే కంట!"

నాకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు ఇంకా భయమేసింది. అద్దం మీద వాననీళ్ల వెనక బాపు వీపు కనిపిస్తోంది, తడిసి ఒంటికి అంటుకున్న అంగీ, భుజాలు కొద్దిగా పైకి ఎత్తుకొని ఉన్నాయి. వెనక నుంచి ఏదో తగులుతుందని ఎదురుచూసే మనిషి నడక అది. ఎడ్లబండి కంటే మెల్లగా పోయాం. అంత భయపడ్డ మనిషి ప్రతి ఊళ్లో దిగాడు, ఒక్క ఊరు కూడా వదలలేదు.

వాగు దగ్గర నీళ్లు తొవ్వ మీది నుంచి పారుతున్నాయి, మోకాలి లోతు. ఇంజను ఆపి నూకితే తప్ప కారు దాటదు. అప్పుడు చెట్ల కింది నుంచి వచ్చాడు ఆ గొంగడి మనిషి. అడిగాడు. బాపు నాదన్నాడు.

"దొర పచ్చకారు గాదా?"

"ఉండె. నేను తీస్కున్న. కోడలు పురుటికి."

అతను కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు. తడిసిన ఉన్ని వాసన, బీడీ వాసన. నన్ను చూశాడు, వదినను చూశాడు. తర్వాత అవ్వను చూశాడు. అవ్వకు దొరమామ పోలిక. అదే ముక్కు, అవే కనుబొమలు. కొంగు ముఖం మీదికి లాక్కుంది గానీ అప్పటికే చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. చాంద్‌భాయ్ పెదవులు ఆగిపోయాయి.

వదినే అరిచింది. "చూసుడైందా? అయితే నూకు!"

అతను వదిన వైపు తిరిగాడు. గొంగడి కింద ముఖంలో ఏం మారిందో కనిపించలేదు. "నూకుదాం తీయ్" అన్నాడు. చెయ్యి ఎత్తాడు. చెట్ల కింది నుంచి ఇంకొందరు వచ్చారు, అందరూ గొంగళ్లు, గోనెసంచులు కప్పుకున్నవాళ్లే. నీళ్లలో దిగి కారును నూకారు. వెనక అద్దం మీద తడి చేతులు కనిపించాయి, ముఖాలు కనిపించలేదు. అవతలి ఒడ్డుకు చేరాక అతను బాపు దగ్గరికి వచ్చాడు.

"నీదే అంటివి గద?"

"నాదే."

"మంచిది. ఒకపారి వచ్చి చూస్తం."

"రాండ్రి" అన్నాడు బాపు.

దవాఖానలో డాక్టరమ్మ కసిరింది. "కారులో వచ్చి కూడా ఇంత ఆలస్యమా?" అంది. ఆపరేషన్ చేసింది. శ్రీకాంత్ పుట్టాడు, వదిన దక్కింది. బయట వరండాలో తడిబట్టలతోనే కూర్చున్న బాపుకు బిడ్డను చూపిస్తే కాలివేలు ఒకటి పట్టుకొని వదిలేశాడు. అవ్వ పక్కన కూర్చొని, "ఇగ బండి పంపేద్దామయా. పనైపాయె" అంది.

"ఎట్ల పంపుత?" అన్నాడు బాపు. "నాదంటి గద."

అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ మనిషి వచ్చి చూస్తానన్నాడు. వచ్చినప్పుడు కారు లేకపోతే బాపు అబద్ధమాడినట్టు. దొరను కాపాడటానికి అబద్ధమాడినట్టు. కారు ఉండటం ఎంత ప్రమాదమో, లేకపోవడం అంతకంటే పెద్ద ప్రమాదమైంది. కాబట్టి వద్దనుకున్న కారును బాపు కొన్నాడు. అన్న పంపిన డబ్బూ పోయినేటి పసుపు అమ్మిన డబ్బూ కలిపి, ఉత్తగా ఇస్తానన్న దొరమామకు బలవంతంగా ధర కట్టాడు. ధర కట్టకపోతే నాది అని ఎట్లా అనగలడు? నిన్నటిదాకా వద్దన్నవాడివి ఇప్పుడెందుకు బావా అని దొరమామ అడిగాడట. బాపు చెప్పలేదు. దొరమామ నవ్వాడట. ఆ నవ్వు సంగతి బాపు నాకు రెండు మూడుసార్లు చెప్పాడు. ఏం నవ్వో మాత్రం చెప్పలేకపోయాడు.

కొన్న కారు మళ్లీ రోడ్డెక్కలేదు. పోలీసులు అడగకుండా ఉండాలంటే అది కదలకూడదు, వచ్చి చూసేవాళ్లకు కనిపించాలంటే అది ఉండాలి. చక్రాలు విప్పి కొట్టంలో రాళ్ల మీద నిలబెట్టాడు. టైర్లు ఎడ్లబండికి పోయాయి. కానిస్టేబుల్ మళ్లీ వచ్చి, రాళ్లను చూసి, "గట్లనా" అని వెళ్లిపోయాడు. చాంద్‌భాయ్ నిర్మల్ దిక్కు లారీ మీద పనికి కుదిరాడు. పోయేముందు బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. డిక్కీలో పసుపు బస్తాలు, ముందు సీట్లో పొదిగే కోళ్లు. అయినా బాపు వారం వారం దుమ్ము తుడిచేవాడు. దసరాకు బంతిపూల దండ వేసి, బొట్లు పెట్టి, నాగలికీ బావి మోటారుకూ చేసినట్టే దానికీ పూజ చేసేవాడు. సెలవు మీద వచ్చిన అన్న అది చూసి నవ్వాడు. "బాపూ, నడవని బండికి పూజేంది?" అన్నాడు. బాపు కొబ్బరికాయ కొట్టాడు. కొత్త మనిషి ఎవరు సందులోకి వచ్చినా ఆయన కన్ను ముందు కొట్టం వైపు పోయేది.

నేను హైదరాబాద్‌లో ఒక దినపత్రికలో చేరాను. డెస్కు మీద ఏళ్ల తరబడి జిల్లా వార్తలు దిద్దాను. 'గుర్తు తెలియని వ్యక్తులు' అన్న మాట ఎన్నిసార్లు రాశానో. కాలిపోయిన బస్సు పక్కన రాశాను, కనిపించకుండా పోయిన సర్పంచి పేరు పక్కన రాశాను. మిగతావాళ్లకు అది ఖాళీ మాట, చోటు నింపేది. నాకు ప్రతిసారీ తడిసిన ఉన్ని వాసన వచ్చేది. ఆ వాగు దగ్గరి మనిషి అన్నల్లో ఒకడో, మఫ్టీలో ఉన్న పోలీసో, లేక వానకు చెట్టు కింద నిలబడ్డ ఏ ఊరి రైతో ఇప్పటికీ తెలియదు. నిజంగా రైతే అయితే, అడిగింది ఉత్త కుతూహలమే అయితే, మా బాపు బతుకులో మిగిలిన సగం ఉత్త కుతూహలానికి భయపడి గడిచిపోయింది. అలా అనుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

ఇప్పుడు ఆ వాగు మీద ఎత్తైన వంతెన ఉంది. శ్రీకాంత్ నన్ను దాని మీదుగా తీసుకొస్తూ అసలు వేగం తగ్గించలేదు. చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు ఫోన్లలోంచి తల కూడా ఎత్తలేదు. ఎల్లయ్య తాత మనవడికే రెండు కార్లున్నాయి. కారు వస్తే లేచి నిలబడే ఊరు ఇప్పుడు లేదు, అందుకు నాకు సంతోషమే. శ్రీకాంత్‌కున్న భయం మీటరు వెనక్కి తిప్పారేమోనని. అదీ భయమే, నేను కాదనను. ఆ భయం తీర్చే మనిషి జగిత్యాలలో దొరుకుతాడు.

వదినకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. కొట్టం ముందు మంచం వేసుకొని కూర్చొని ఉంది. "ఏం చేద్దాం వదినా, పిల్లగాడు తీసేద్దామంటుండు" అన్నాను.

"మామ బతికున్నన్ని రోజులు ఉంచిండు" అంది. "పొయ్యేముందు గూడ అదే అడిగిండు. ఎవలన్న వచ్చిన్రా అని."

"ఇంకెవరొస్తారు?"

"నాకేం తెలుసు? ఆ రోజు మీరందరు వణుకుతుంటె నేనే గద వాన్ని నూకుమన్న." నవ్వింది. తర్వాత నవ్వు ఆపి కారు వైపు చూసింది. "రేపొచ్చి అడిగితే ఏం చెప్పాలె పద్మా? అమ్ముకున్నమనాల్నా?"

కరీంనగర్ కారు కొనాలో వద్దో శ్రీకాంత్ ఇంకా తేల్చుకోలేదు. కొన్నా దాన్ని బయట వేపచెట్టు కిందే పెట్టుకోవాలని వాళ్లమ్మ చెప్పింది. పచ్చకారు కొట్టంలోనే ఉంది. పోయిన దసరాకు కూడా దానికి బంతిపూల దండ వేశారు. వచ్చి చూస్తానన్న మనిషి ఇంకా రాలేదు.